కట్టె బట్టి ఎండకూడదు

ఏం ఉద్యోగం చేశారమ్మా అని ఎవరైనా అడిగితే, రమ్ము వండాను అని చెబుతాను. అడిగినవాళ్లు ఒకసారి నా నెరిసిన జుట్టు వంక, ఒకసారి నా నుదుటి బొట్టు వంక చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి, నాకేం పోయింది! మంచిర్యాల దగ్గర గోదావరి ఒడ్డున ఉన్న ఒక డిస్టిలరీలో కెమిస్టుగా చేరాను. చివరికి రమ్ము విభాగమంతా నేనే చూసుకున్నాను, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు ఆ పనిలో చేరుతున్న పిల్లలకు స్టీలు కాలమ్, అంటే సారా దించే నిలువు గొట్టం తప్ప ఇంకోటి తెలియదు. చదివిన పుస్తకాల్లో అదే ఉంది మరి. నేను కట్టె బట్టి మీద పనిచేసిన దాన్ని. దాని సంగతి నేను చెప్పకపోతే చెప్పేవాళ్లు తక్కువ. ప్రమోషన్లు, ఫైళ్ల సంగతి ఇందులో ఉండదు. అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే.

ముక్కే నౌకరీ

మాది మంథని పక్కన పల్లె. వరి పండించే ఇల్లు. కరీంనగర్‌లో కెమిస్ట్రీ చదువుకున్నాను. ఈ ఉద్యోగం వచ్చినప్పుడు బాపు సరేనన్నాడు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ మాత్రం, అందులో ఏం తయారు చేస్తారని అడిగింది. చెప్పాను. ఆ మర్నాటి నుంచి ఊళ్లో ఎవరడిగినా, మా బిడ్డ చక్కెర కంపెనీల చేస్తుంది అని చెప్పడం మొదలుపెట్టింది. రమ్ముకు ముడిసరుకు చక్కెర మిల్లులో మిగిలే నల్ల పాకమే కాబట్టి అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. మా అవ్వ కల్లు ముట్టని మనిషేం కాదు. ఎండాకాలం తాటికల్లు వచ్చిందంటే ముందు తనకే పోయాలి. కానీ ఆవిడ లెక్కలో తాగడం వేరు, ఆడపిల్ల సారా కాయడం వేరు. దాని గురించి మా ఇద్దరికీ చాలా ఏళ్లు మాటామాటా వచ్చేది. నాకు ఒళ్లు మండేది. తర్వాత వదిలేశాను.

నా మొదటి బాస్ నర్సింహారావు సార్. కరీంనగర్ మనిషి. చేరిన రోజే పైనుంచి కింది దాకా చూసి, రేపటి నుంచి తలలో పూలు వద్దు, పౌడరు వద్దు, సెంటు అసలే వద్దు అన్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లకు ఆ మాట ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. మల్లెపూలు పెట్టుకున్న ముక్కుకు సారాలో ఉన్న సన్నటి వాసన అందదని ఆయన విడమర్చి చెప్పేదాకా నాకు కోపం పోలేదు. ఆ తర్వాత డ్యూటీ ఉన్న ఏ రోజూ నేను పూలు పెట్టుకోలేదు. పూలు పెట్టుకోని నౌకరీ ఏం నౌకరీ అని అవ్వ దానికీ తిట్టింది.

మీరు తాగుతారా అని కూడా అడుగుతారు. పనిలో నోట్లో వేసుకుని ఉమ్మేయడమే. ఎప్పుడైనా దావత్‌లో కొంచెం తాగాను, దాచేదేం లేదు. కానీ తాగుడు మీద ఇష్టంతో ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఒక్కరూ నిలవలేదు. వాసన మీద పిచ్చి ఉన్నవాళ్లే నిలిచారు. చేరేముందు మీరు ఏ రకమో మీకు మీరే తేల్చుకోండి.

కట్టె ఏం చేస్తుంది

బట్టి అంటే మీకు తెలిసిందే. పులిసిన ద్రవాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి సారా దించే పాత్ర. అందరిదీ రాగిదో స్టీలుదో అయి ఉంటుంది. మాది టేకుది. ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయన ఎక్కడో సముద్రాల అవతల అలాంటిది చూసి వచ్చి, ఆదిలాబాద్ అడవి టేకుతో చేయించాడట. మనిషి కంటే బాగా ఎత్తున్న పీపా అది. నిలువు పలకలు పక్కపక్కన నిలబెట్టి, చుట్టూ ఇనుప పట్టీలు బిగించారు. మేకు లేదు, జిగురు లేదు. పైన మాత్రం రాగి మెడ. కట్టెను పొయ్యి మీద పెట్టలేం కదా, అందుకని అడుగున గొట్టంలోంచి నీటి ఆవిరి వదులుతాం. ఆ వేడికి లోపల పులిసిన పాకం కాగుతుంది. పనివాళ్లంతా దాన్ని కట్టె బట్టి అనేవాళ్లు, నేనూ అదే అంటాను.

స్టీలు కాలమ్‌లో ఆవిరి మెట్టు మెట్టుకీ తన బరువు దించుకుంటూ పైకి పోతుంది. చివరికి దిగే సారా శుభ్రంగా ఉంటుంది, కాదనను. కానీ అది చెరుకులోంచి వచ్చిందో నూకల్లోంచి వచ్చిందో వాసన చూసి చెప్పడం కష్టం. దానికి రంగూ రుచీ కలిపి రమ్ము అని అమ్ముతుంటే నాకు నచ్చేది కాదు, ఇప్పటికీ నచ్చదు. కట్టె పద్ధతి వేరు. అది వేడిని బయటికి పోనివ్వదు. గోడ వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆవిరి గోడకు తగిలి చల్లబడి వెనక్కి జారిపోదు, తన బరువు తనతోనే తీసుకుని పైకి పోతుంది. పైన రాగి మెడ అందులోని కుళ్లు వాసనను కొంత పట్టుకుంటుంది. కొంతే పట్టుకుంటుంది, అదే దాని గొప్ప. ఇక పలకల రంధ్రాల్లో వెనకటి కాపుల, అంటే ముందు కాచిన సరుకుల పులుపు ఇంకిపోయి ఉంటుంది. కొత్త కాపు ఆ పులుపుతో కలిసి కాగితే, మాగిన అరటిపండు, మాడిన బెల్లం, తొలకరికి తడిసిన దూలం, ఈ మూడు వాసనలూ దిగుతాయి. ఆ వాసన మా బట్టికి తప్ప ఇంకెక్కడా నాకు తగల్లేదు.

ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయన కాలం నుంచి అందరూ చెప్పుకుంటూ వచ్చిన నియమం ఒక్కటే. కట్టె బట్టి ఎండకూడదు. పని ఉన్నా లేకపోయినా లోపల నీళ్లు ఉండాల్సిందే. కట్టె ఎండితే ముడుచుకుంటుంది, ముడుచుకుంటే పలక పలకకీ సందు పడుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందుకు పనికొస్తుంది.

దసరా పొగ

కట్టెకు ఎంత జ్ఞాపకం ఉంటుందో నాకు నేర్పింది లచ్చయ్య. ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చిన వడ్లాయన, అంటే వడ్రంగి. ఆ బట్టిని చెక్కింది వాళ్ల బాపు. దాంతో లచ్చయ్యకు అది కంపెనీ ఆస్తి అనే సంగతి ఎప్పుడూ గుర్తుండేది కాదు. చేతిలో బాడిస ఉంటే మేనేజర్‌ను కూడా లెక్కచేయడు. గొప్పలు మాత్రం చెవులు చిల్లులు పడేలా చెప్పుకునేవాడు.

ఒక దసరాకు ఆయుధపూజ చేశారు. అన్ని మిషన్లకూ పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి వదిలేశారు. లచ్చయ్యకు అది చాలలేదు. బట్టి మూత తీసి, లోపల నీళ్లు దించి, నిప్పుల గిన్నె పెట్టి, దాని మీద దోసెడు సాంబ్రాణి వేసి మూత మూసేశాడు. కొత్త ఇంటికి పొగ వేస్తాం కదా, ఇదీ అలాగే అనుకున్నాడు. పండుగ తర్వాత మొదటి కాపు దిగింది. నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని బిత్తరపోయాను. గుళ్లోకి పోయినట్టే ఉంది. గ్లాసు తీసుకుని నర్సింహారావు సార్ దగ్గరికి పోయాను. ఆయన వాసన చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ వాసన చూశారు.

"విజయా, గీ రమ్ము తాగితే నిషా ఎక్కుతదా, పూనకం వస్తదా?" అన్నారు.

నేను నవ్వాపుకోలేకపోయాను. లచ్చయ్యను పిలిపిస్తే, మంచికే వేసిన కదా సార్ అని ఆయనే ఎదురు అలిగి కూర్చున్నాడు. స్టీలు అయితే ఒక్కసారి కడిగితే పోయేది. కట్టెలోంచి ఆ సాంబ్రాణి సంక్రాంతి దాటి యాసంగి నాట్లు పడేదాకా పోలేదు. ఆ కాపులన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది. సార్ ఎవరినీ శిక్షించలేదు. పెట్టిందే గుర్తుపెట్టుకుంటుంది కట్టె, కాబట్టి దానికి ఏం పెడుతున్నామో మనం చూసుకోవాలి అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నారు. నేను పనిచేసిన బాసుల్లో ఆయనే గొప్పవాడు, అందులో సందేహం లేదు.

ఎండలో ఆరబెట్టారు

నర్సింహారావు సార్ తర్వాత చాలామంది బాసులు వచ్చారు. చివర్లో వచ్చినాయన ప్రసాద్ గారు, గుంటూరు వైపు ఆయన. చెడ్డమనిషి కాదు. తెల్లారకముందే ఫ్యాక్టరీలో ఉండేవాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. అంతకుముందు నూనె ఫ్యాక్టరీలు నడిపాడు. కట్టె బట్టిని చూసిన మొదటి రోజే ఆయన ముఖం మాడిపోయింది. అంత పెద్ద జాగా, అంత ఆవిరి ఖర్చు, పైగా కట్టె. దీన్ని తీసేసి కొత్త కాలమ్ పెడదామని అప్పటి నుంచి అంటూనే ఉన్నాడు. నేను ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి ఆపుతూ వచ్చాను.

ఆ ఏడు ఎండాకాలం రిపేర్ల కోసం ఫ్యాక్టరీ మూశారు. దుబాయ్‌లో ఉండే మా తమ్ముడు తన బిడ్డ పెళ్లి కోసం సెలవు మీద వచ్చాడు, నేనూ మంథని పోయాను. లచ్చయ్య కూడా వాళ్ల ఊరికి పోయాడు. మేమిద్దరం లేని ఆ సమయంలో ప్రసాద్ గారు బట్టిలో నీళ్లు తీయించారు, లోపలా బయటా కడిగించారు. అక్కడితో ఆగక, మూతలు తెరిచి, ఫ్యాన్లు పెట్టించి ఆరబెట్టారు. మంచిర్యాల ఎండలు మీకు తెలియనివి కావు.

పెళ్లి నుంచి నేరుగా ఫ్యాక్టరీకి పోయి, బట్టిలోకి తల పెట్టి చూశాను. చీకటిగా ఉండాల్సిన చోట పలక పలకకీ మధ్య ఎండ గీతలు గీతలుగా పడుతోంది. ఇనుప పట్టీలు వదులై కిందికి జారి ఉన్నాయి. ఒక పలకైతే పైనుంచి కింది దాకా నిలువునా పగిలింది. సరాసరి ఆయన గదిలోకి పోయాను, తలుపు కూడా తట్టలేదు.

"సార్, మీరు చేసింది కడుగుడు కాదు, సంపుడు."

ఆయన లేచి నిలబడ్డాడు. "తడిగా వదిలేస్తే బూజు పడుతుందని ఆరబెట్టించానండీ. మా దగ్గర పొడిగా ఉంటేనే శుభ్రం అనేవాళ్లు," అన్నాడు. ఆయన గొంతు నిజంగానే చిన్నబోయింది. కానీ ఆ తర్వాత మాట మార్చాడు. ఎలాగూ పాడైంది, ఇక తీసేద్దాం అన్నాడు. మా రమ్ము కొని తమ సరుకులో కలుపుకునే కంపెనీ బ్లెండర్లు వానాకాలంలో హైదరాబాద్ నుంచి రాబోతున్నారు. వాళ్లకు కాలమ్ సరుకే చూపిద్దాం అన్నాడు. నాకు ఒళ్లు తెలియని కోపంలో ఒక మాట అనేశాను. పేర్లు చెప్పకుండా రెండు గ్లాసులూ పెడదాం సార్, వాళ్లు కట్టె బట్టి రమ్మును గుర్తుపట్టి కావాలనకపోతే మీరే దాన్ని కోయించండి, నేను నోరు తెరవను అన్నాను. ఆయన సరేనన్నాడు. బయటికి వచ్చాక తెలిసింది, పందెం కాసింది కారిపోయే పీపా మీద అని.

నానబెట్టుడు

కబురు పంపితే లచ్చయ్య వచ్చాడు. పగిలిన పలక మీద చెయ్యి పెట్టి నిమిరాడు. ఇంత గొప్పలు చెప్పే మనిషి ఆ రోజు ఒక్క గొప్ప చెప్పలేదు.

"మా బాపు చెక్కిన పలక బిడ్డా," అని తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

నాకూ ఏడుపొచ్చింది. తర్వాత పని మొదలుపెట్టాం. పనితో పాటే పోట్లాట కూడా. సందుల్లో లప్పం కూరుదాం అన్నాడు. సాంబ్రాణి మర్చిపోయినవా అన్నాను. లప్పం పక్కన పెట్టేశాడు.

దారి నాకు మా బాపు బండి దగ్గర దొరికింది. ఎండలకు బండి చక్రాలు ఎండి, ఇనుప పట్టా లొడలొడలాడితే, బాపు వాటిని విప్పి వాగు మడుగులో పడేసేవాడు. కట్టె నీళ్లు తాగి ఉబ్బేది, పట్టా దానంతటదే బిగుసుకునేది. ఇక్కడ బట్టిని వాగులో వేయలేం కాబట్టి వాగునే బట్టి దగ్గరికి తేవాలి. గోదావరి ఒడ్డున జమ్ము గడ్డి కోయించి, ఆరబెట్టి, ఆ ఆకు పీలికలు పలకల సందుల్లో దూర్చాం. జమ్ముకు రుచి లేదు, వాసన లేదు, తడిస్తే ఉబ్బుతుంది. బయట గోనెసంచులు చుట్టి తడుపుతూ ఉన్నాం. లోపల నీళ్లు పోస్తే పోసినవి పోసినట్టే అన్ని వైపుల నుంచీ కారిపోయాయి. అయినా పోస్తూనే ఉన్నాం. పనివాళ్లు నా వంక జాలిగా చూశారు. ప్రసాద్ గారు వచ్చి చూసి పోయేవాడు. రోజులు గడిచేకొద్దీ ధార సన్నబడింది, ఆ తర్వాత చెమ్మ మాత్రమే మిగిలింది. ఒక పొద్దున లచ్చయ్య పట్టీ మీద సుత్తితో కొట్టి ఆ మోత విని, బిగిసింది బిడ్డా, ఇగ ఫికర్ లేదు అన్నాడు. అప్పుడు మళ్లీ గొప్పలు మొదలుపెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అయితే పగిలిన పలక స్థానంలో లచ్చయ్య మొదట్లోనే కొత్త టేకు పలక వేశాడు. దాన్ని ఎన్నిసార్లు ఉడకబెట్టినా మొదటి కాపులో పచ్చి టేకు చేదు దిగింది. నోట్లో రంపపు పొట్టు వేసుకున్నట్టుంది. అదీకాక ఎండలో కట్టెలోని పాత పులుపంతా చచ్చిపోయింది. బ్లెండర్లు వచ్చే సమయం దగ్గరపడింది. ఉన్నదాన్నే చూపిద్దామని ప్రసాద్ గారు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా దగ్గర నేలలో ఒక మూసిన తొట్టి ఉంది. ప్రతి కాపు తర్వాత బట్టి అడుగున మిగిలే పుల్లటి మడ్డి కొంచెం అందులో పోసి దాచడం నర్సింహారావు సార్ కాలం నుంచి ఉన్న అలవాటు. దాన్ని వేడి చేసి బట్టి నిండా పోసి, నానబెట్టి, దించి, మళ్లీ పోశాం. బాలింతకు పథ్యం పెట్టినట్టు పెట్టాం. అలా కొన్నాళ్లు చేశాక ఒక కాపు దించి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ముందు అరటిపండు వచ్చింది. కాసేపటికి మాడిన బెల్లం కూడా వచ్చింది. తడిసిన దూలం వాసన మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. బ్లెండర్ల ముందు అదే పెడతానని ప్రసాద్ గారికి చెప్పాను.

రెండు గ్లాసులు

బ్లెండర్లు ముగ్గురు. గ్లాసుల మీద పేర్లు లేవు. నన్ను గదిలో ఉండనిచ్చారు గానీ మాట్లాడొద్దన్నారు. నా పరేషాన్ ఎవరికీ కనబడకుండా చేతులు కొంగులో దాచుకుని కూర్చున్నాను. వాళ్లలో వయసులో పెద్దాయన మొదట కాలమ్ గ్లాసు ఎత్తి, ఇది శుభ్రంగా ఉంది, ఇదే బాగుంది అన్నాడు. పందెం పోయిందనుకున్నాను. రెండో ఆయన ఇంకో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని దించలేదు. మూడో ఆవిడ అదే గ్లాసు తీసుకుని, నోట్లో వేసుకుని, ఉమ్మకుండా మింగింది. ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు, అంతకు మించిన మెప్పు లేదు. ఇది ఏ బట్టిదో చెప్పండి, మాకు ఇదే కావాలి అంది. పెద్దాయన కూడా మళ్లీ రుచి చూశాడు. శుభ్రమైనది ఎక్కడైనా దొరుకుతుంది, ఇది మాత్రం ఇక్కడే దొరుకుతుందేమో అని ఒప్పుకున్నాడు.

వాళ్లు పోయాక ప్రసాద్ గారు మిగిలిన గ్లాసు తీసుకుని కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు వాసన చూశాడు.

"విజయ గారూ, నీళ్లు తీయకూడదని బట్టి మీద బోర్డు రాయించండి. నాలాంటి వాడు మళ్లీ వచ్చినా చదువుకునేలా పెద్ద అక్షరాలతో రాయించండి," అన్నాడు.

కొత్త కాలమ్ కూడా వచ్చింది, అబద్ధం చెప్పను. అది పక్కన నిలబడింది. కట్టె బట్టి దాని జాగాలో అది ఉంది, ఈ రోజుకీ కాగుతోంది. ఆ బోర్డు రాయించిన దాన్ని నేను. నా నౌకరీ మొత్తంలో నాకు గర్వం ఎక్కడ అంటే అక్కడే.

పీట

నేను రిటైరైన రోజు శాలువాలు, దండలు చాలా వచ్చాయి. లచ్చయ్య మాత్రం గోనెసంచిలో చుట్టి ఒక పీట తెచ్చాడు. పగిలిన ఆ పలకలో మంచి ముక్క కోసి చేశాడు. దానికి రంగు వేయలేదు, పాలిష్ పెట్టలేదు. ఇప్పుడు నా దగ్గరే ఉంటున్న మా అవ్వ మోకాళ్లు నొస్తాయని కుర్చీలోనే కూర్చోవాలి, కానీ పొద్దున కూరగాయలు కోయడానికి ఎవరు చెప్పినా వినదు, దాని మీదే కూర్చుంటుంది. ఎండాకాలమంతా అది మామూలు పీటే. వాన పడి గాలి చెమ్మగా మారితే చాలు, దాంట్లోంచి మాడిన బెల్లం వాసన, దాని వెనక అరటిపండు, తడిసిన దూలం, అన్నీ లేస్తాయి. ఎన్నో ఏళ్ల కాపులు అందులో ఉన్నాయి.

మొన్న తొలకరి రోజు మా తమ్ముడి అత్తగారు మంథని నుంచి వచ్చింది. గడపలో అడుగు పెట్టగానే ముక్కు ఎగబీల్చి, ఏందొదినా ఈ వాసన, బెల్లం మాడిందా అని అవ్వను అడిగింది. నేను వంటింట్లో ఉన్నాను. అవ్వ చక్కెర కంపెనీ కథ ఎత్తుకుంటుందని చెవి అటే వేసి నిలబడ్డాను.

"బెల్లం కాదొదినా. నా బిడ్డ వండిన రమ్ము," అంది అవ్వ. "రా, పీట మీద కూసో."